ఇంకా బరువే

నిన్న పొద్దున రహమత్‌నగర్‌లో చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది. "యాదగిరన్నా, మూర్తి సార్ పోయిండు" అన్నాడు అవతల యూనిట్ మేనేజరు. "ఏడికి పోయిండు?" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న! కథానాయకుల డూపుగా తెర మీద లెక్కలేనన్నిసార్లు మరణించినవాణ్ణి నేను. షాట్ అయ్యాక లేచి టిఫిన్ తినడం అలవాటైన ప్రాణం. లేవని మరణం ఒకటుంటుందంటే ఒప్పుకోవడానికి నా మనసు మొరాయించింది. ఫిలింనగర్ వాహనశిల్పి, పరమ సాత్వికుడు, నా పక్కటెముకల శ్రేయోభిలాషి సత్యనారాయణమూర్తిగారు గుండెపోటుతో దివంగతులయ్యారు.

మూర్తిగారు కాకినాడలో ఇంజనీరింగు చదివి, సినిమాలకు వింతవింత బళ్ళు తయారుచేయడానికి ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. జూబ్లీహిల్స్‌లో అందరూ ఇంటి కింద కార్లు పెట్టుకుంటే ఈయన వర్క్‌షాపు పెట్టారు.

మా పరిచయానికి కారణం నా పక్కటెముకలే. నిలబడి నడిపే వాటర్ స్కూటర్ ఒకటుంటుంది. సీటుండదు. హ్యాండిల్ పట్టుకుని, మోకాళ్ళ మీద నుంచి లేచి, నీళ్ళ మీద నిలబడి దౌడు తీయాలి. హీరో ఎంట్రీ కోసం దాని మీద గాల్లోకి లేచాను, నీళ్ళలో పడ్డాను, అది నా మీద పడింది. ఒడ్డున మూలుగుతుంటే అందరూ "ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. ఈయనొక్కరే కొబ్బరిబోండం చేతికిచ్చి, "ఎంత బరువనిపించిందయ్యా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "మీద పడేస్కొని చూడుండ్రి సార్, తెలుస్తది" అన్నాను. ఆయన కోప్పడలేదు. "నిజమే. అందులో ఇంజనే దయ్యం. దాన్ని తేలిక చేస్తాను, కాస్త టైమివ్వు" అన్నారు. డూపుకి మాట ఇచ్చిన మనిషిని చూడటం నాకదే మొదలు.

ఆ మాట కోసం ఆయన పట్టుకున్నది రోటరీ ఇంజను. మామూలు ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఇందులో ఇరానీ హోటల్ సమోసా లాంటి మూడు మూలల ముక్క గుండ్రంగా తిరుగుతుంది, అంతే. భాగాలు తక్కువ, కుదుపు తక్కువ, అదే శక్తికి బరువు తక్కువ. చిక్కల్లా ఆ మూలల దగ్గర సందు మూసే సీళ్ళతో. అవి అరిగాయా, శక్తంతా కారిపోతుంది. ఎన్నిసార్లు అరిగినా మూర్తిగారు విసుక్కోకుండా మళ్ళీ విప్పేవారు. "కాపురం లాంటిదయ్యా, మూలల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి" అనేవారు.

ఎప్పుడూ తిరిగేదని మా యూనిట్‌వాళ్ళు దానికి "తిరుగుబోతు" అని పేరు పెట్టారు. ఆ పేరు ఒకరోజు కొంప ముంచినంత పని చేసింది. దుర్గం చెరువు దగ్గర ట్రయల్ వేస్తూ, నేను వాళ్ళింటికి ఫోన్ చేసి, "అమ్మా, సార్ అన్నానికి రారు. చెరువు కాడ తిరుగుబోతుతోని ఉన్నరు" అన్నాను. అంతే, ఆయన ధర్మపత్ని సుభద్రమ్మగారు ఆటోలో దిగారు. చూస్తే గట్టు మీద మసి చేతులతో ఆయన, పక్కన తువ్వాలు మీద పడుకోబెట్టిన ఇంజను. "ఇదా నా సవతి?" అన్నారామె. "ఎత్తి చూడు, నీకంటే తేలికేమో" అన్నారీయన. ఆమె కాస్త ఎత్తి, దబ్బున దించేసి, "బరువే" అన్నారు.

ఆనాటి నుంచీ ఆవిడే త్రాసు. చిన్న మార్పు చేసినా ఆమె ఎత్తి చూడాల్సిందే. "కాటా ఉన్నది గద సార్?" అంటే, "కాటాకి నడుం నొప్పి రాదయ్యా. సుభద్ర తేలికంటేనే తేలిక. ఆ రోజు మొదటి స్వారీ నాది, తర్వాతే నీది" అన్నారు. ఆయనకు ఈత రాదు. అప్పటికే ఒకసారి గుండె ఇబ్బంది పెట్టింది, అలాంటి సాహసాలు వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా నీళ్ళ మీద నిలబడాలన్న ఆ ఒక్క ముచ్చట ఆయన్ని వదల్లేదు. ఇనుము పోయి అల్యూమినియం వచ్చింది, మందం తగ్గింది, బోల్టులు తగ్గాయి. సుభద్రమ్మగారు ప్రతిసారీ కొంగు బిగించి, ఎత్తి, దించి, "ఇంకా బరువేనండీ" అనేవారు. పాపం ఆయన తల గోక్కుంటూ మళ్ళీ పని మొదలుపెట్టేవారు.

ఈలోగా మాదాపూర్ నిండా అద్దాల మేడలు లేచాయి. మూర్తిగారి పక్కింట్లో గ్రాఫిక్స్ కంపెనీ వెలిసింది. ఒక నిర్మాత వచ్చి, "ఇంకా ఈ ఇంజనెందుకండీ మూర్తిగారూ? హీరోని నీలం గుడ్డ ముందు నిలబెడితే, కంప్యూటర్లో కుర్రాళ్ళు సముద్రం పోసేస్తారు" అన్నాడు. మా బదులు కంప్యూటర్ పడితే మాకు దెబ్బ తగలదు, నిజమే, పనీ ఉండదు. మూర్తిగారు ఆయనకు కాఫీ ఇచ్చి, "పోయించుకోండి. నేను యాదగిరికి మాటిచ్చాను" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

నిన్న ఆ ఇంటికి వెళ్ళేసరికి వరండాలో ఆయన్ని పడుకోబెట్టారు. సుభద్రమ్మగారు నన్ను చూసి లేచి, కింద వర్క్‌షాపులోకి వెళ్ళారు. తిరిగొస్తుంటే రెండు చేతుల్లో, ఎదకు హత్తుకుని, ఆ ఇంజను. మెట్లన్నీ ఎక్కి, ఆయన తల దగ్గర నెమ్మదిగా దించారు. ఆమెకు ఆయాసం కూడా రాలేదు.

"అమ్మా, గిది బరువన్నరు గద?" అన్నాను.

"ఎప్పుడో తేలికైంది యాదగిరీ. ఆ మాటంటే మీ సార్ నీళ్ళలోకి దిగుతారు. అందుకే అనలేదు." ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, చెవి దగ్గర వంగి, "తేలికేనండీ. చాలా తేలికగా చేశారు" అన్నారు. అక్కడున్న మాకెవరికీ దుఃఖం ఆగలేదు.

ఆ మహనీయుడి స్మృతికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. తీరని లోటని రాయడం ఆచారం కానీ నాకు ఆ మాట చాలడం లేదు. పాడె ముందు కొమ్ము నేనే పట్టాను. ఎందరినో మోసిన భుజం ఇది, ఆయనేమో బక్కపలచని మనిషి. వీధి మలుపు దగ్గర వెనక నుంచి ఎవరో, "అన్నా, బరువైతుందా? భుజం మారుస్తావా?" అన్నారు.

"బరువే" అన్నాను. భుజం మాత్రం మార్చలేదు.