శవం లేంది ఏడ్వని సమ్మమ్మ

పగటీలి పన్నెండు దాటింది. ఎండ నిప్పులు పోస్తాంది. పొద్దుగాల తాగిన అంబలి ఎప్పుడో కరిగింది. కేసముద్రం మార్కెట్ల మిర్చి బస్తాలు దించి నీడకు కూసున్న. గప్పుడే రాజేశ్వర్ రావు సేటు మనిషొచ్చి, "ఉప్పలన్నా, సేటింట్ల జర పనున్నది, బువ్వ పెడ్తరు" అన్నడు. బువ్వ అన్నంక పనేందని అడుగుతమా?

పనేందంటే, పీనుగ లెక్క పండుడు.

సమ్మమ్మ మా కట్టయ్యన్న భార్య, నాకు వదినె. అన్న బండి కింద పడి సచ్చిననాడు ఆమె శోకం తీసింది. అన్న తెచ్చిన జామకాయలు, తాగొచ్చి తిట్టిన తిట్లు, అన్నీ రాగంల పెట్టి ఏడ్చింది. అప్పట్నుంచి ఊళ్ల ఎవలు సచ్చినా ఆమెనే పిలుస్తరు. ఎవల పేరుతోటి మొదలువెట్టినా ఆఖరికి కట్టయ్య కాడికే వస్తది. "పోయెటోళ్లతోటి మీ అన్నకు కబురు పంపుతాన" అనేది.

సేటుకు హన్మకొండల జానపద సంఘం ఉన్నది. కొత్త టేప్ రికార్డర్ కొన్నడు. సమ్మమ్మను పిలిస్తే, "శవం లేంది ఏడ్వ. కబురు ఎవలతోటి పంపాలె?" అన్నది. "నీ కట్టయ్య పేరు పట్నం దాక ఇనవడ్తది" అన్నడు సేటు. ఆ మాటకే ఒప్పుకున్నది, గని ముంగట పీనుగ లెక్క ఒకలు పండాలన్నది. గందుకే నేను బల్ల మీద పండిన.

"ఊపిరి మెల్లగ తీస్కోరా, టేపుల వడ్తది" అన్నడు సేటు.

వదినె నా మొకం జూసి, "తిన్నవా ఉప్పలీ?" అన్నది.

"ఇంక పెట్టలె వదినె."

"ఆకలితోటే పోతివా మరిదీ" అని అందుకున్నది.

నెల దాటినంక హన్మకొండల సంఘపోళ్ల సభ. సేటు బిడ్డ రాజేశ్వరి పట్టుచీర మీద గొంగడి కప్పుకొని అదే శోకం పాడింది. గొంతు మంచిదే, అబద్ధమెందుకు. కట్టయ్య పేరున్న కాడల్లా 'సామీ' అన్నది. కట్టయ్య అంటే స్టేజీకి మోటుగ ఉంటదట. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఏడుపుకు చప్పట్లు అప్పుడే జూసిన.

ఆ ఎనుక ఈ శోకం ఎవలదని లొల్లి. సేటు, ఇది తెలుగుజాతి సొత్తన్నడు. మా కులపెద్ద వీరభద్రం లేచి, మా కులందన్నడు. ఆమె ఏడుస్తాంటే తలుపులు మూసుకునెటోడే ఆయన. ఓ కాలేజీ సారు, కాదు, ప్రజలదన్నడు. సచ్చిన గొడ్డు కాడ గద్దలు నయం. సమ్మమ్మ ఎనుక వరుసల కూసున్నది. మైకు అక్కడి దాక రాలె. నన్ను ఒక్కటే అడిగింది, "మీ అన్న పేరు ఏడవోయిందిరా?"

రాజేశ్వరి పాడిన టేపు మార్కెట్ కాడి చాయ్ హోటల్ల పొద్దంత మోగుడు షురువైంది. ఆడోళ్లందరికి నోటికచ్చింది.

వానలు వడంగ మొగిలమ్మ ముసల్ది సచ్చింది. వదినె తలకాడ కూసొని, "మొగిలవ్వా, పోతె పోతివి, మా కట్టయ్యకు" అన్నదో లేదో, సుట్టున్న ఆడోళ్లు "సామీ, నా సామీ" అని టేపు లెక్కనే అందుకున్నరు. సమ్మమ్మ నోరు మూసింది. అందరి మొకాలు జూసింది. కొంగు దులుపుకొని లేచింది.

"యాడికి వదినె?" అన్న.

వానల్నే రైలు స్టేషన్ దిక్కు నడుసుకుంట పోయింది. మొగిలవ్వతోటి అన్నకు కబురు పంపలె, యాడికి పోతాందో మాకూ చెప్పలె.