గోడ మీద అరంగుళం

మొన్న మోకాళ్ళ నొప్పికని తిరుపతి ఆసుపత్రికి పోయి, నా వంతు వచ్చేలోగా కొత్త మోకాళ్ళే మొలిచేట్టున్నాయని పక్కాయనతో అంటూ కూర్చున్నాను. ఎదురుగా టీవీలో ఏవో పంటల లెక్కలు నిలువు పట్టీలుగా చూపిస్తున్నారు. అన్నిటికన్నా పొడుగాటి పట్టీని నడుమ రెండు వంకర గీతలతో తెగ్గొట్టి, పొట్టివాటిని కనబడేట్టు పెంచి, ఒక్కోదాని నెత్తిన అంకె వేశారు. ఆ ఉపాయం నలభై ఏళ్ళ కిందట నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

అయిదో తరగతిలో నేను బడి మానేస్తే, నాకన్నా బడే ఎక్కువ సంతోషించింది. ఆపైన బోర్డులు రాసే పనిలో పడి, ఎనభైల్లో మా వైపు పాల కేంద్రం గోడ మీద, ఏ ఊరు రోజుకెన్ని పాలు పోస్తుందో పట్టీలు గీయడానికి ఒప్పుకున్నాను. పెద్ద అధికారి చూడవస్తున్నాడనీ, పాల వ్యాను ఏయే ఊళ్ళకు పోవాలో ఆయనే తేలుస్తాడనీ చెప్పారు. పెద్ద ఊరివి మూడు వేల లీటర్లు, దానికి ఆరడుగుల గోడంతా ఇచ్చాను. ఐరాల దిక్కున మా అక్కను ఇచ్చిన పల్లెవి ఇరవై, కొలిస్తే అరంగుళం వచ్చింది. అందానికని అంకెలన్నీ పట్టీల లోపలే రాస్తూ వచ్చాను గనక, అరంగుళంలో అంకె పట్టక వదిలేశాను. ఆ పట్టీ కాస్తా అడుగున గీసిన గీతలో కలిసిపోయింది. పైగా, మీ ఊరి పాలు నా కుంచె తాగేసిందని అక్కను ఆటపట్టించాను.

అధికారి వచ్చి, గోడ ఆ చివరి దాకా చూసి, అక్క వాళ్ళ పల్లె పేరు మీద వేలు పెట్టి, "ఈ ఊళ్ళో పొయ్యడం మానేసినారా?" అన్నాడు. పాల కేంద్రం మేనేజరు గోడ వంక చూసి తలూపాడు. రంగు డబ్బాలు పట్టుకుని అక్కడే నిలబడిన నేను, ఊరందరినీ వేళాకోళం చేసే నేను, తప్పు బయటపడుతుందని ఆ ఒక్కసారి నోరు మెదపలేదు.

నెల తిరక్కముందే ఆ పల్లెకు వ్యాను ఆగిపోయింది. అక్క క్యాను నెత్తిన పెట్టుకుని రెండు మైళ్ళు నడిచి పక్క ఊళ్ళో పోసి వచ్చేది. ఎండాకాలం పాలు దారిలోనే విరిగిపోయేవి. ఆ ఏడే ఎనుమును అమ్మేసింది. నేను పోయి జరిగింది చెప్పుకుంటే, "పోనీలేరా, మాది యాపాటి ఊరని, అంత గోడ మీద కనపడేదానికి" అని నవ్వి, అన్నం వడ్డించి, మజ్జిగకు చెంబు తీసుకుని పక్కింటికి పోయింది.

ఇప్పుడు ఎంత పొట్టి పట్టీకైనా నెత్తిన అంకె వేస్తున్నారు, మంచిదే. అక్క పోయి చాలా ఏళ్ళయింది. ఆ పల్లెలో పొద్దున్నే మళ్ళీ పాల వ్యాను ఆగుతోందట, ప్యాకెట్లు దించడానికి.