బోనులో గొంగడి

జడ్జి దగ్గర బెంచి క్లర్కు అంటే ఫైళ్లు మోసే మనిషని మా చుట్టాల అభిప్రాయం. మోయడానికైతే గాడిద చాలు. అయ్యగారు చెయ్యి చాపేలోగా కావలసిన కాగితం అందించాలి. అడగందే నోరు విప్పకూడదు, అడిగితే తడుముకోకూడదు. రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న ఆ రోజుల్లో, మిర్యాలగూడ కోర్టులో నాకు తెలిసిన విద్య అంతే. దానితోనే హాయిగా బతికాను.

నిడమనూరు వైపు గొర్ల కాపరి ఒకాయన దావా వేశాడు. మందను కాలువకు తోలుకుపోయే బాట మీద రైస్ మిల్లు యజమాని కంచె వేయించాడు. ఆ బాట పోతే ఎండాకాలం మందకు నీళ్లుండవు, అమ్ముకోవాల్సిందే.

సాక్ష్యం చెప్పే రోజున ఆయన బోను ముందు ఆగిపోయాడు. ప్రమాణం చేయించేది నేనే.

"గొంగడి పరిస్తెనే ప్రమాణం జేస్త సారూ. మా కులంల గంతే. దాని మీద అబద్ధమాడితే మంద నిలువది," అన్నాడు.

మిల్లు యజమాని వకీలు పకపకా నవ్వాడు. జడ్జిగారు కోస్తా మనిషి, రూలు గీత దాటరు. నావైపు వంగి, "దీనికి అభ్యంతరం ఏమైనా ఉందాండీ?" అని మెల్లగా అడిగారు.

"నోటితో ఏం చెప్పాలో రాసి ఉంది సార్. కాళ్ల కింద ఏముండాలో రాయలేదు."

"అయితే పరవనివ్వండి."

ఆ నల్ల గొంగడి మీద నిలబడ్డాక, వకీలు ఎంత తిప్పి అడిగినా ఆయన తొణకలేదు. నాకు పట్టరాని సంతోషమైంది. ముఖం మాత్రం ఫైల్లోనే పెట్టుకున్నాను.

తర్వాతి వాయిదాకు మిల్లు యజమాని తన సాక్షిని తెచ్చాడు. అక్కడ బాటే లేదని చెప్పడానికి వచ్చిన అతనూ ఆ ఊరి గొర్ల కాపరే, పైగా దావా వేసినాయనకు వరసకు తమ్ముడు. భుజం మీద గొంగడి లేదు.

"ఈయన సంగతేంటండీ?" అన్నారు జడ్జిగారు.

"ఒకరికిచ్చిన వీలు రెండోవారికీ ఇవ్వాలి సార్."

ఆ మాట విని, వెనక నిలబడ్డ అన్న తన గొంగడి తీసి ముందుకు చాపాడు. "ఇగో, నాది పరుసుకో తమ్మీ," అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

తమ్ముడు గొంగడిని చూశాడు, మిల్లు యజమానిని చూశాడు.

"నాకద్దు సారూ," అన్నాడు చివరికి. "బాట ఉన్నది. మా నాయిన గూడ గాన్నుంచే తోలిండు."