మనవరాలి చెవులు, నా నోరు

నా చిన్నప్పుడు నా కుడి చెవి ఏడాది పొడుగునా కారేది. మండపేట దగ్గర మా ఊరి కాలవలో పొద్దస్తమానం మునిగేవాణ్ణి కాబట్టి, నీళ్ళు పోయి చీము పట్టిందని ఇంట్లోవాళ్ళు తేల్చారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశారు, ఉల్లిరసం పిండారు, చివరికి పక్కింటి బాలింతను బతిమాలి చనుబాలు కూడా పోయించారు. చెవి తగ్గలేదు, దూది మాత్రం పెరిగింది. బళ్ళో నా కుడివైపు ఎవరూ కూర్చునేవారు కాదు. వాసన. ఆ మాట పైకి అనకపోయినా, ఎవరైనా ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుంటే చాలు, సిగ్గుతో నా తల దానంతటదే వాలిపోయేది.

మా మావయ్య కోతలు కోయడంలో ఆ చుట్టుపక్కల పేరుమోసినవాడు. ఆయన కథల్లో వరదొస్తే గోదావరే భయపడి గట్టెక్కేది. ఆయన నోరు తెరిస్తే రైసు మిల్లులో బస్తాలు మోసేవాళ్ళు కూడా బస్తా దించి మరీ వినేవారు. నాకు ఆయనంటే పిచ్చి. నన్ను కాకినాడ చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తానంటే ఎగిరి గంతేశాను.

బస్సులో ముగ్గురు పట్టే సీటు. నేను కిటికీ పక్కన, మావయ్య మధ్యలో, ఆ చివర ఓ పెద్దాయన. ఊరు దాటకముందే ఆ పెద్దాయన, "బాబు చెవిలో ఆ దూదేంటండి?" అని అడిగాడు. మావయ్యకి అంతకంటే ఏం కావాలి!

"దూది కాదండి, బిరడా. మావాడు కాలవలో మునిగితే చెవిలోకి కొరమీను పిల్ల దూరిందండి. ఇప్పుడు అరచెయ్యంతయింది. బిరడా తీశామంటే బస్సంతా చేపల బజారే!"

బస్సు బస్సంతా నవ్వింది. పెద్దాయన నా మీదకు వంగి, "నిజమేనండోయ్, వాసనొస్తోంది" అన్నాడు. ఇంకా నవ్వారు. నేను చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, తల మోకాళ్ళలో దూర్చేశాను. ఏడుపు బయటకు రాకుండా చొక్కా అంచు కొరుక్కుంటున్నాను. కాసేపటికి మావయ్య గొంతు ఆగిపోయింది. తలెత్తితే నన్నే చూస్తున్నాడు.

రామచంద్రపురంలో పెద్దాయనా ఇంకా చాలామందీ దిగారు, అంతమందీ ఎక్కారు. వెనక సీట్లో మిగిలినవాడొకడు హుషారుగా, "ఏమండీ, ఆ కొరమీను కథ వీళ్ళకీ చెప్పండి!" అన్నాడు.

"కథేం లేదండి" అన్నాడు మావయ్య. "చెవి కారేది నాకు. ఆ వాసన నాదే. డాక్టరు దగ్గరకు పోతున్నా, మావాడు తోడొస్తున్నాడు."

ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా మనిషి. నలుగురిలో నవ్వించి పేరు తెచ్చుకున్న మనిషి. కొత్తగా ఎక్కినవాళ్ళు ఆయన మొహం చూసి, ఆ పక్క సీటు చూసి, నిలబడే ఉండిపోయారు. కాకినాడ దాకా ఆ సీటు ఖాళీగానే వచ్చింది. ఆయన నాతో ఏమీ అనలేదు, తప్పయిందనీ అనలేదు. తర్వాత నా చెవి నయమైంది, నేను మీసాలు పెంచే వయసుకు వచ్చాను. ఆ కథ మాత్రం ఎవరడిగినా ఆయన మళ్ళీ చెప్పలేదు. నిజానికి ఆయన కథలన్నిటిలోకీ అదే బాగుండేది.

కోతలు నాకు ఆయన నుంచే వచ్చాయి. యాభై దాటినా తగ్గలేదు. ఆయన ఆ రోజు నేర్పింది వచ్చిందో లేదో మాత్రం మొన్న విమానంలో తేలింది.

నా మనవరాలికి ఐదేళ్ళు. కర్ణభేరి వెనక నీరు చేరి సరిగా వినపడకపోతే, హైదరాబాదులో డాక్టరు రెండు చెవుల్లోనూ చిన్న గొట్టాలు అమర్చారు. ఆపరేషనుకు ముందు తను భయపడుతుంటే, ధైర్యానికి నా చెవి సంగతంతా తనొక్కదానికే చెప్పాను. కొన్నాళ్ళాగి రాజమండ్రి విమానం ఎక్కాం. ఆ గొట్టాలుంటే విమానంలో చెవిపోటు ఉండదని, నీళ్ళు మాత్రం పోనివ్వొద్దని డాక్టరు ముందే చెప్పారు. అయినా మనవరాలి బెంగ నొప్పి గురించి కాదు. ఎక్కేముందు వాళ్ళమ్మచేత జడలు విప్పించుకుని, జుట్టు చెవుల మీదకు దువ్వించుకుంది. "ఎవరికీ చెప్పొద్దు" అని మా ఇద్దరిచేతా ఒట్టు వేయించుకుంది. గొట్టాలు బయటకు కనపడవని ఎంత చెప్పినా నమ్మలేదు.

మా అమ్మాయికి ఎక్కడో వెనక సీటు వచ్చింది. మనవరాలు కిటికీ పక్కన, నేను తన పక్కన కూర్చున్నాం. విమానం పైకి లేస్తుంటే ముందు వరసలో ఓ పసివాడు చెవి పట్టుకుని గుక్కపట్టాడు. వాళ్ళ నాన్న కంగారుగా వెనక్కి తిరిగి, "మీ పాప అసలేం ఏడవట్లేదేంటండి?" అని అడిగాడు. నడవకి అటుపక్క కూర్చున్నాయన కూడా ఇటు వంగాడు. వినేవాళ్ళు దొరికారు. ఇక నా నోరు ఆగలేదు.

"మా పాప చెవుల్లో గొట్టాలు పెట్టించామండి. గాలి ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి పోతుంది. ఇంకాస్త పైకెళ్ళనివ్వండి, పిల్లనగ్రోవిలా మోగుతుంది. ఏ పాట కావాలో ముందే చెప్పుకోండి!"

అందరూ నవ్వారు. అటుపక్కాయన మెడ చాచి, "ఏదమ్మా, ఇటు తిరుగు, విందాం" అన్నాడు. మనవరాలు జుట్టునీ చెవుల్నీ కలిపి రెండు చేతులతో నొక్కిపట్టి కిటికీకి అతుక్కుపోయింది. ఆ ముడుచుకున్న వీపు నాకు తెలుసు.

"అమ్మలూ" అన్నాను. పలకలేదు. చెవులు బాగయ్యాక తను వినపడనట్టు ఉండిపోవడం అదే మొదటిసారి.

మావయ్య చేసిన పని చేద్దామంటే, ఆయనకి రామచంద్రపురం వచ్చింది, కొత్తవాళ్ళు ఎక్కారు. మబ్బుల్లో ఎవరెక్కుతారు? విన్నవాళ్ళంతా అక్కడే, బెల్టులు పెట్టుకుని మరీ కూర్చున్నారు. ముందు వరసకీ అటుపక్కకీ వినపడేట్టు, "ఇందాక నేను చెప్పింది కోతండి. మోగడమేం లేదు. అసలు గొట్టాల ఊసే ఎత్తకూడదు. ఎవరికీ చెప్పనని పాపకి ఒట్టేశాను" అన్నాను.

"భలేవారండీ! సరదాకే కదా. చిన్నపిల్లకేం తెలుస్తుంది?" అన్నాడు అటుపక్కాయన.

"తెలుస్తుందండి" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ముందు వరసాయన మెల్లగా అటు తిరిగిపోయాడు. మనవరాలు మాత్రం ఇటు తిరగలేదు.

విమానం దిగడం మొదలుపెట్టగానే నా కుడి చెవిలో మేకు దిగినట్టయింది. కళ్ళు మూసుకుని సీటు పట్టుకున్నాను. మొహం మీద చెమటలు కారుతున్నాయి. "ఏమైందండి? మీ చెవికి కూడా ఏమైనా ఉందా?" అన్నాడు అటుపక్కాయన. ముందు వరస మళ్ళీ ఇటు తిరిగింది. మనవరాలు కిటికీ వదిలి నావైపు చూసింది. చీము, దూది, బళ్ళో బెంచీ, అన్నీ తెలిసిన పిల్ల. ఒక్క మాటంటే చాలు, ఈసారి నవ్వేది నన్ను చూసి. నాకు తగిందే అనుకున్నాను కూడా.

"తాతయ్యకి నిద్దరొస్తోందండి" అంది.

ఆయన సరేనని ఊరుకున్నాడు. మనవరాలు వాళ్ళమ్మ ఇచ్చిన పిప్పరమెంటు బిళ్ళ విప్పి నా నోట్లో పెట్టి, "మింగుతూ ఉండు" అని గుసగుసగా చెప్పింది. మింగుతూ ఉన్నాను. కాసేపటికి పోటు తగ్గింది. సిగ్గు తగ్గలేదు. నలుగురి నవ్వు కోసం నేను దాని గుట్టు బయటపెట్టాను. అదేమో నా గుట్టు దాచింది, అదీ నామీద అలక తీరకుండానే.

ఇది రాశాక మనవరాలిని కూర్చోబెట్టి, మొదటి నుంచి చదివి వినిపించాను. ఒక్క ముక్క వదలకుండా విని, రెండుచోట్ల "ఇది వద్దు తాతయ్యా" అంది. ఆ రెండూ కొట్టేశాను. నిజం చెప్పొద్దూ, చాలా మంచి కథలవి. నలుగురు చేరిన చోటల్లా నాలుక చివరిదాకా వస్తాయి. అక్కడ వాటిని ఆపుకుంటున్నప్పుడల్లా, మావయ్య అన్నేళ్ళు ఎలా ఆపుకున్నాడో అనుకుంటాను.