మీడియం కొలతలు

మా కుట్టు కంపెనీలో ఆమెను కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ ఆమె మీడియం. పన్నెండేళ్లుగా మేం కుట్టిన ఆడవాళ్ల కోట్లలో మీడియం సైజు ప్రతిదీ మొదట ఆమెకు తొడిగి చూసిందే. కటింగ్ మాస్టారు గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకుని చుట్టూ తిరుగుతుంటే, ఆమె చేతులు ఒంటికి దూరంగా పెట్టి గంటలకొద్దీ కదలకుండా నిలబడేది. నేను పక్కనే కాజాల మిషను మీద కూర్చుని, చేలో బొమ్మకైనా పిట్టలు తోడుంటాయి, నీకు ఆ ముసలాయనే గతి అని ఏడిపించేదాన్ని.

ఆ ఉద్యోగానికి షరతు ఒకటే, కొలతలు మారకూడదు. అరంగుళం పెరిగితే మేనేజరు ముఖం మాడ్చుకునేవాడు. ఎవరి పుట్టినరోజైనా ఆమె కేకు చివర కాస్త కొరికి మిగతాది నాకిచ్చేది. ఇదీ ఒక బతుకేనా అని నాకు ఒళ్లు మండేది. తినేది మాత్రం నేనే అనుకోండి.

ఈ ఏడాది మొదట్లో మేం కుట్టి పంపిన కోట్లలో నాలుగు వేలు తిరిగొచ్చాయి. ఛాతీ దగ్గర మడతకుట్టు ఉంటుందే, డాట్ అంటాం, అది ఉండాల్సిన చోటికి ముప్పావు అంగుళం పైన కూర్చుంది. తొడుక్కున్నవాళ్లందరికీ గుడ్డ ఉబ్బెత్తుగా లేచింది. మేనేజరు ఒక కోటు తెచ్చి మాస్టారి బల్ల మీద విసిరి, కళ్లు కనబడకపోతే ఇంట్లో కూర్చోమన్నాడు. వారం లోపల తప్పెక్కడుందో చూపించకపోతే వెళ్లిపోవాలన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ గదిలో మాస్టారి మాటకు తిరుగులేదు. ఆయన మెడలో టేపు తీసి, మడిచి, మళ్లీ మెడలోనే వేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం మీడియం నన్ను బట్టలు మార్చుకునే గదిలోకి లాక్కెళ్లి గడియ పెట్టింది. నా చెయ్యి తీసుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. అది గట్టిగా బిగుసుకుపోయి, కుడిదానికంటే పైకి జరిగి ఉంది.

"లోపలున్నవి నావి కావే," అంది. "ఈ ఉద్యోగం కోసం సిలికాన్ సంచులు పెట్టించుకున్నాను. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు."

అప్పుడు నాకు విషయం బోధపడింది. మాస్టారు ఎప్పుడూ ఎడమవైపే ఒంటి మీద సరిచూస్తాడు, కుడివైపుకి కోటు నమూనా గీసిన ఆ కాగితాన్నే తిరగేసి దించుతాడు. టేపు అబద్ధం చెప్పొచ్చు గాని ఒళ్లు చెప్పదని ఆయన నమ్మకం. ఈసారి కాగితం మీద గీత ఒకచోట, ఒంటి మీద ఇంకోచోట ఉంటే ఆయన గీతనే చెరిపి ఒంటి ప్రకారం మార్చేశాడు.

మర్నాడు ఆమెకు తోడుగా ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ స్కాన్ చూసి నిదానంగా చెప్పింది. ఇవి జీవితాంతం ఉండేవి కావట, అలాగని పదేళ్లు నిండగానే మార్చి తీరాలన్న లెక్కా లేదట. కొందరికి పదిహేను, ఇరవై ఏళ్లు కూడా నిక్షేపంగా ఉంటాయి. చిరిగినా, ఇలా చుట్టూ పొర గట్టిపడి నొప్పి పెడుతున్నా తియ్యాల్సి వస్తుంది. వాటి చోట కొత్తవి పెట్టించుకోవచ్చు, లేదా ఊరికే తీయించేసుకోవచ్చు. కొత్తవి పెట్టించుకుంటే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఆపరేషను బల్ల ఎక్కాల్సిందే. ఏది కావాలో పది రోజుల్లో వచ్చి చెప్పమంది.

బయట మెట్ల మీద మీడియం కూలబడింది. నిచ్చెన మీంచి పడిన దగ్గర్నుంచి వాళ్లాయన మంచం మీదే ఉన్నాడు, ఇల్లు గడిచేది ఈమె కొలతల మీదే. అయినా గట్టిగా అంది. "తీయించేసుకుంటా. ఎడమవైపు తిరిగి పడుకుని ఏడాదైంది. ఇంక నావల్ల కాదు." ఆ రోజు నాతో సమానంగా రెండు ఐస్‌క్రీములు తింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

మాస్టారి గడువు ముగిసే రోజున నన్ను వెంటబెట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. మాస్టారు తలవంచుకుని అక్కడే ఉన్నాడు.

"ఆయన కళ్లు బానే ఉన్నాయి సార్. జరిగింది నా ఒళ్లు," అని, మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజుతో సహా చెప్పేసింది, తీయించేసుకోవాలనుకున్న మాట తప్ప.

మేనేజరు చెవులదాకా ఎర్రబడి ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. చివరికి మాస్టారిని పని చూసుకోమన్నాడు. ఆమెకు నెల సెలవిచ్చాడు. పాత కొలతలతో వస్తే సరే, లేకపోతే ఇంకో మనిషిని చూసుకుంటామన్నాడు. చూసుకోనీ, ఎక్కడో అక్కడ బటన్లు కుట్టుకుంటాను అంది నాతో.

ఆసుపత్రిలో మాట చెప్పాల్సిన రోజు వచ్చింది. మేం వెళ్లేసరికి మాస్టారు ఉతికిన చొక్కా వేసుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే కళ్లు తుడుచుకుంటూ లేచి, జేబులోంచి పసుపుబారిన కాగితం ఒకటి తీశాడు.

"నా పరువు నిలబెట్టావు తల్లీ. నీ కూడు పోనిస్తానా? మేనేజరు కాళ్లావేళ్లా పడి ఒప్పించాను, నువ్వొచ్చేదాకా నీ చోటు ఎవరికీ ఇవ్వరు. ఇవి నువ్వు చేరిన రోజు రాసుకున్న కొలతలు. డాక్టరుగారికియ్యి, నూలుపోగు తేడా రాకుండా పెడతారు."

అసలు మాట చెప్పబోయి నేను నోరు తెరిచాను. మీడియం నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

నర్సు ఫారం తెచ్చి, తీసెయ్యడమా మార్చడమా అని అడిగింది. మాస్టారు ఇంకా సంబరంగా చూస్తూనే ఉన్నాడు. మీడియం ఆయన ముఖం చూసింది. నా ముఖం మాత్రం చూడలేదు. కాగితం నర్సు చేతికిచ్చి, మార్చండి, ఇవే కొలతలు అంది.

నర్సు ఒకసారి కొలిచి చూస్తానని టేపు తీసింది. మీడియం చేతులు ఒంటికి దూరంగా పెట్టి కదలకుండా నిలబడింది.