ఈశాన్యం మూలన మొండిగోడలు

సహోదరులారా, సహోదరీలారా, మా పెరట్లో ఆరేళ్ళు కప్పు లేకుండా నిలబడిన మూడు మొండిగోడల గురించి ఈ సాక్ష్యం రాస్తున్నాను. నాకు దర్శనం రాలేదు, ఏ స్వరమూ వినబడలేదు, నయమైన జబ్బు కూడా నాది కాదు. అయినా దేవుడు నన్ను విడిపించాడని చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నన్ను కట్టివేసింది ఏమిటో నాకే తెలియని రోజుల్లో ఆయన దాన్ని చూశాడు.

మాది బోగోలుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె. మా వారు దేవదానం గారు, నేను, ఇద్దరం మిషను బడిలో టీచర్లం. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మాతో పాటు మా అత్త మార్తమ్మ ఉండేది. ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు, వంట మాత్రం దక్షిణపు గోడకు ఆనించి వేసిన తాటాకు పాకలో. వానొస్తే పొయ్యి తడిసేది, గాలి మళ్ళితే పొగంతా గదిలోకి వచ్చేది. అత్త ముప్పై ఏళ్ళు ఆ పాకలోనే వండింది, ఆ పొగే ఆమెకు ఆయాసమై కూర్చుంది.

నయాపైసలు వచ్చిన మరుసటి ఏడు మా వారు పెరటివైపు కొత్త వంటిల్లు కట్టించడం మొదలుపెట్టారు. మా ఊళ్ళో ఎవరు వంటిల్లు కట్టుకున్నా ఆగ్నేయం మూలన కట్టుకుంటారు, ఈశాన్యం మూలను ఖాళీగా వదిలేస్తారు, అక్కడ బరువు పెడితే ఇంటి యజమానికి చేటని వాళ్ళ నమ్మకం. మా వారు ఆ నమ్మకం మీది కోపంతో వంటింటిని సరిగ్గా ఈశాన్యం మూలనే పెట్టించారు. దిక్కులకు భయపడే మనుషులం కాదని ఊరికి తెలియాలి అన్నారు. ఆ ఆదివారం వాక్యం చెబుతూ కూడా ఆ మాట అన్నారు, బల్ల మీద కూర్చుని వింటున్న నేను గర్వపడ్డాను, అది దాచను.

పని చేసినది మస్తాన్ మేస్త్రి, కావలి నుంచి వచ్చే సాయిబు, మాట తక్కువ మనిషి. పునాది తీసిన రోజున ఆయన మా వారితో, "అయ్యోరూ, వాస్తు మీకూ పట్టదు, మాకూ పట్టదు. అయితే సముద్రం ఆ మూల నుంచే గాలి తోలద్ది, దానికి ఏ మతమూ లేదు" అన్నాడు. మా వారు నవ్వి, "గోడ సంగతి నువ్వు చూడు మేస్త్రీ, గాలి సంగతి నేను చూసుకుంటా" అన్నారు. మూడు గోడలు గుమ్మం ఎత్తుకు లేచాయి. అప్పుడు మా వారికి టైఫాయిడ్ జ్వరం పట్టుకుంది. పన్నెండో రోజున పోయారు.

సమాధి చేసి తిరిగి వచ్చేసరికి ఊళ్ళో ఒకటే మాట. ఈశాన్యం మూసినాడు, పోయినాడు. పక్కింటి సుబ్బమ్మ మా వారి జ్వరం రోజుల్లో గంజి కాచి తెచ్చిన మనిషి, ఆమె కూడా నా చెయ్యి పట్టుకుని, "టీచరమ్మా, ఇప్పుడన్నా ఆ గోడలు తీసెయ్యి, నీకు కూడా ఏమన్నా అయితే ఎట్టా" అంది. తిట్టి ఉంటే మరిచిపోయేదాన్ని. దయతో అన్నది కాబట్టి లోపలికి దిగింది. ఆ గోడల్లోంచి ఒక్క ఇటుక కూడా కదలనివ్వనని ఆ రోజే అనుకున్నాను, తీస్తే మా వారు వాస్తు వల్లే చనిపోయారని నేనే ఒప్పుకున్నట్టు, మేము నమ్మిన దేవుడు ఒక మూల ముందు ఓడిపోయినట్టు నాకు తోచింది.

పోనీ కప్పు వేయించి పూర్తి చేయించానా అంటే అదీ లేదు. తీస్తే ఆయన ఓడినట్టు, పూర్తి చేస్తే ఆయన లేకుండానే పూర్తయినట్టు. అలా ఆరేళ్ళు గడిచాయి. వానాకాలం పోగానే గోడల మీద గడ్డి మొలిచేది, స్టూలు ఎక్కి పీకేదాన్ని. శనివారం శనివారం ఆ గోడల మధ్య మట్టినేల ఊడ్చేదాన్ని. బడి నుంచి వచ్చాక ఏదో ఒక పుస్తకం పట్టుకుని అక్కడే కూర్చునేదాన్ని. దుఃఖం గురించి, ఓదార్పు గురించి పెద్దలు రాసింది చాలా చదివాను, చదివినంతసేపు బాగుండేది, పుస్తకం మూయగానే మళ్ళీ ఆ మూడు గోడలే కనబడేవి. సంగం అనే ఊళ్ళో ఉండే మా తమ్ముడు ఒకసారి వచ్చి, "కప్పన్నా వెయ్యి అక్కా, లేకుంటే పీకన్నా పీకు, ఇదేంది సమాధి మాదిరి" అన్నాడు. వాడికి ఏడాదిపాటు ఉత్తరం రాయలేదు.

ఈలోపల అత్త ఆయాసం ముదిరింది. వంట నేనే చేస్తున్నా పాకలోని పొగ ఆమె గదిలోకి రాక మానదు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, బొంత చుట్టి వీపుకు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది, ఆమె ఛాతీలో పిల్లికూతలు అవతలి గదిలోకి వినబడేవి. నెల్లూరు తీసుకువెళ్ళి చూపిస్తే డాక్టరు గారు నాతో విడిగా చెప్పారు, మందులు నేనిస్తాను, పొగ తప్పించడం మీ పని, ఇంకొక వానాకాలం ఆ పొగలో ఉంటే మాత్రం నన్ను అడగవద్దు అన్నారు.

అప్పుడు కదిలాను. మా వారు తలపెట్టినది తలపెట్టినట్టే పూర్తి చేయిద్దామని మస్తాన్ మేస్త్రికి కబురు పెట్టాను. ఆయన వచ్చి గోడలు తట్టి చూశాడు. "కట్టేస్తా టీచరమ్మా, గోడలు దిట్టంగానే ఉండాయి. ముందు ఒక్క పని చెయ్యనీ" అన్నాడు. గోడల పైన తాటాకు చాపలు పరిచి కప్పు మాదిరి చేశాడు, లోపల మూడు ఇటుకలు పెట్టి సరుగుడు పుల్లలు, సగం తడిసిన కొబ్బరి డొక్కలు వేసి అంటించాడు. పొద్దున పది గంటలయింది, సముద్రపు గాలి అప్పుడే లేచింది. పొగ కొంచెం పైకి లేచి, ఎవరో తోసినట్టు వంగి, గుమ్మంలోంచి ఇంట్లోకి నడిచింది. రెండు గదులూ నిండి వీధి వాకిట్లోంచి బయటికి వచ్చింది. సుబ్బమ్మ కడవతో నీళ్ళు తీసుకుని పరిగెత్తుకొచ్చి, "ఏం మేస్త్రీ, ఇల్లు అంటుకున్నాదా?" అని అడిగితే, మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ, "లేదమ్మా, టీచరమ్మగారు అన్నం వొండతా ఉండారు" అన్నాడు.

నాకు కూడా నవ్వు వచ్చింది. అంతలో అత్త కనబడింది. ముందు గదిలో ఉన్న మనిషి వీధిలోకి వచ్చి, అరుగు స్తంభం పట్టుకుని వంగిపోయి ఉంది, పెదవులు నల్లబడ్డాయి, నోరు తెరిచి ఉంది గాని గాలి లోపలికి పోవడం లేదు. సుబ్బమ్మ, నేను ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాం. మధ్యాహ్నానికి గాని ఆమె ఊపిరి తిన్నగా రాలేదు.

అంతా చూసి కూడా నేను మేస్త్రితో, వంటిల్లు ఆ మూలనే ఉండాలి, మార్చను అన్నాను. సహోదరులారా, ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అత్త ఊపిరి ఒకవైపు, ఊరి మాట ఒకవైపు ఉంటే నేను ఊరి మాటను ఎంచుకుని దానికి దేవుని పేరు పెట్టుకున్నాను. మేస్త్రి చేతులు కడుక్కుని, రేపు వస్తా, ఆలోచించుకోండి అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బావి నుంచి నీళ్ళు తెస్తుంటే గదిలో అత్త ప్రార్థన చేయడం వినబడింది. ఆమె ఎప్పుడూ పక్క మంచం మీది మనిషితో మాట్లాడినట్టు పైకే ప్రార్థన చేస్తుంది. ఆ మాటలు ఆమె అన్నట్టే రాస్తున్నాను.

"ప్రభువా, నా కొడుకు నీ దగ్గర ఉండాడు. నేను వాణ్ణి తప్పు పడతా ఉండానని వాడితో చెప్పొద్దు. వాడు మంచోడే. పొయ్యి ముందర ఒక్క దినమన్నా కూర్చోనోడు, వాడికి పొగ సంగతి ఏం తెలుసు. అప్పుడే చెప్పినా, నువ్వూరుకోమ్మా అన్నాడు. ఈ బిడ్డతో చెప్పాలని ఆరేళ్ళుగా నోరు తెరస్తా ఉండా, మూస్తా ఉండా. మొగుడు పోయిన దాంతో, నీ మొగుడు వంటిల్లు తప్పుగా కట్టినాడని ఎట్టా చెప్పేది తండ్రీ. నువ్వే చెప్పు. చెప్పేదానికి లేకుంటే పోనీ, నన్నే తీసుకో. ఆ బిడ్డ మనసు మాత్రం నొప్పించొద్దు."

నేను కడవ కిందికి దించాను. ఆరేళ్ళుగా మా వారు ఎందుకు చనిపోయారో ఊరంతా నాకు చెప్పింది. ఆయన ఒక పని తప్పు చేశారని మాత్రం ఎవరూ చెప్పలేదు. వంటిల్లు తప్పుగా కట్టినాడు. అంతే. ఆయన పోయింది జ్వరం వల్ల, ఆయన కట్టింది గాలికి ఎదురుగా, ఈ రెండింటికీ సంబంధం లేదు. ఆ రెండింటినీ ముడివేసింది ఊరు ఒక్కటే కాదు, నేను కూడా వేశాను, రోజూ ఆ ముడి బిగించుకుంటూ వచ్చాను. ఈశాన్యం మూలకు మా ఊళ్ళో అందరికంటే ఎక్కువగా భయపడింది నేనేనని అక్కడ నిలబడి ఉండగా అర్థమైంది. మా వారు పరిశుద్ధుడిలాగా ఏ తప్పూ లేకుండా ఉండనక్కరలేదు, పొయ్యి ఎక్కడ పెట్టాలో తెలియని మనిషిగానే ఆయన దేవుని దగ్గర ఉన్నారు. అది తెలిశాక నాకు ఎంత తేలికయిందో చెప్పలేను.

లోపలికి వెళ్ళి, "అత్తా, ఆయన తప్పే కట్టినారు" అన్నాను.

అత్త కళ్ళు తెరిచి, "విన్నావా?" అంది.

"విన్నా."

"నేను ఇంకా ఆమేన్ కూడా అనలా" అంది. ఇద్దరం నవ్వాం, నవ్వి నవ్వి ఆమెకు దగ్గు వచ్చింది, తర్వాత ఇద్దరం ఏడ్చాం. మా వారు పోయిన తర్వాత మేమిద్దరం కలిసి ఏడ్చింది అదే మొదటిసారి. అప్పుడు నేను చేసిన ప్రార్థన ఇంతే. "తండ్రీ, నీ పేరు నువ్వే కాపాడుకో. నాకు చేతకాదు."

మరునాడు మస్తాన్ మేస్త్రి పని మొదలుపెట్టాడు. వంటింటిని పడమటివైపు కట్టాడు, పొగగొట్టం పెట్టాడు, ఇప్పుడు గాలి పొగను చేలమీదికి తీసుకుపోతుంది. ఈశాన్యం మూలనున్న గోడలను పూర్తిగా పడగొట్టలేదు, కూర్చునే ఎత్తుకు దించి, పైన వెడల్పుగా సున్నం పూసి, తాటి స్తంభాలు నిలబెట్టి పెంకు వేసి, దాన్ని పంచ చేశాడు. దించిన ఇటుకలతో వంటింటి నుంచి బావి దాకా బాట పరిచాడు, వానల్లో అత్త కాళ్ళు బురదలో దిగబడకుండా. బావి దగ్గర పారబోసిన నీళ్ళు అరటిచెట్లకు పోయేట్టు కాలువ తీశాడు. తాటాకు పాక పీకేసి దక్షిణపు గోడకు కిటికీ పెడితే గదిలోకి వెలుతురు వచ్చింది, నా పుస్తకాల మీద ఎంత దుమ్ము ఉందో అప్పుడు చూశాను. ఇల్లు అందంగా ఉండాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. కాని ఇప్పుడు పొద్దున్నే ఆ పంచలో కూర్చుంటే అరటి ఆకుల మీదుగా ఎండ రావడం చూస్తూ బడికి ఆలస్యం చేసుకుంటున్నాను.

ఆ తర్వాత మూడు వానాకాలాలు వెళ్ళాయి. అత్తకు జబ్బు పూర్తిగా పోయిందని చెప్పను, చలి రోజుల్లో ఇప్పటికీ ఆయాసపడుతుంది. కాని వెల్లకిలా పడుకుని నిద్రపోతుంది. డాక్టరు గారు మందు సగానికి తగ్గించారు. దేవునికే మహిమ.

ఊరి మాట మారిందా అని మీరు అడగవచ్చు. మారలేదు. పని అయిన వారానికే సుబ్బమ్మ వచ్చి నాలుగు వైపులా చూసి, "ఆఖరికి ఈశాన్యం తెరిచినారే టీచరమ్మా, నేను అప్పుడే చెప్పలేదా" అంది. దానికి జవాబు ఆరేళ్ళుగా నా దగ్గర సిద్ధంగా ఉంది, వాక్యాలతో సహా. నేను నోరు తెరిచేలోపల చాప మీద పడుకున్న అత్త, "తెరిచినాం సుబ్బమ్మా. గాలి బాగా వస్తా ఉండాది, ఆ పిట్టగోడ మీద కూర్చో" అంది. సుబ్బమ్మ కూర్చుంది. ఒడిలో మునగాకు ఉంటే అక్కడే దూస్తూ, వాళ్ళ కోడలి మీద చెప్పాల్సినవన్నీ చెప్పింది. నేను కూడా వెళ్ళి ఒక మునగరెమ్మ తీసుకుని దూశాను. అత్తను బతికించింది ఈశాన్యం మూలేనని ఆమె ఇప్పటికీ అందరితో చెబుతుంది. బుధవారం కూటానికి కూడా వస్తుంది, ప్రార్థన అయ్యేదాకా ఉంటుంది. ఆమె నమ్మకం సంగతి దేవుడు చూసుకుంటాడు, ఆ పని నాది కాదని తెలిసిన తర్వాత నాకు ఆమె మీద ప్రేమ ఎక్కువైంది.

మా వారి కోసం నేను ఇప్పటికీ దుఃఖపడుతున్నాను, విడుదల అంటే దుఃఖం పోవడమని నేను సాక్ష్యం చెప్పను. దుఃఖం ఉంది, కాని దానికి కాపలా కాయవలసిన పని పోయింది. ఇంత ఓపికతో, ఒక ముసలి తల్లి నోటి ద్వారా, నన్ను నొప్పించకుండా చెప్పిన దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తున్నాను. ఇది చదివే మీ ఇంట్లో కూడా ఆయన పేరు చెప్పి మీరు నిలబెడుతున్న గోడ ఏదైనా ఉంటే, దాని నీడలో ఎవరికి ఊపిరి ఆడడం లేదో ముందు చూడండి, తర్వాత భయపడకుండా ఆయననే అడగండి, ఆ గోడ తనకు కావాలో వద్దో.