చచ్చిందన్న ఇంజను తన్నింది

బర్మాలో, యాంగోన్ నగరంలోని లత అనే పేటలో మాది మూడు తరాల పప్పుల దుకాణం. ఏ సరుకునైనా ముందు తిట్టి, తర్వాత బేరమాడటం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. పోయిన ఏడాది నగరం ఉత్తరపు కొసనున్న ఇన్సేన్ పేటలో, పాత మోటారుసైకిళ్లు బాగుచేసే అప్పన్న మావ దగ్గర ఒక పాతకాలపు బండి మీద మనసు పడ్డాను. మా నగర వీధుల్లో సర్కారు మోటారుసైకిళ్లు తోలనివ్వదు. అయినా కావాలనిపించింది.

"ఇంజను సచ్చిపోనాది మావా, తుక్కు రేటుకి ఇచ్చీ" అన్నాను.

"అయితే ఓసారి తన్ని సూడు. ముందు ఆ ఎడంచేతి కాడ మీట..."

"నాకు తెల్సులే!"

మీటను తోచినట్టు తోసేసి, లుంగీ ఎగగట్టి కిక్కు కొట్టాను. కిక్కు రాడ్డు ఎదురుతన్నింది. నేనొకచోట, లుంగీ ఒకచోట. కాలు విరిగిందనే అనుకున్నాను.

"సచ్చినోడు ఇలా తంతాడేటి బావూ?" అని మావ పగలబడి నవ్వాడు.

కుంటుతూ లేచి, "ఆ మీట ఏటి సేస్తాది?" అని అడిగాను. ఇంజనులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో అదే చెబుతుందట. రవ్వ తొందరపడితే ఇంజను వెనక్కి తంతుందట. ఆయన మీట సరిచేసి తన్నగానే బండి స్టార్టయింది. మీట మీద నా చెయ్యి పెట్టించాడు. వెంట్రుకవాసి జరిపినా చప్పుడు మారుతోంది! ఒక్కో భాగం గురించి అడుగుతూ అడుగుతూ, బేరం సంగతే మరిచి, ఆయన చెప్పిన ధరకే ఒప్పేసుకున్నాను.

తెలియని వస్తువుకు వంక పెట్టడం తేలికే. దాని సంగతేమిటని ఒక్కసారి అడిగామా, ఇక అది తుక్కులా కనపడదు.